నల్లరాయి ముక్క

చీమకుర్తిలో బల్లమీద దుమ్ము తుడవడం
పని కిందకి రాదు, ఊపిరి కిందకి వస్తుంది.
టిప్పరు పోయిన ప్రతిసారీ
నా షాపులో స్క్రీన్లన్నీ బూడిద పూసుకుంటాయి.
ఆ దుమ్ములోంచే వచ్చాడు ఏసోబు,
పాలిషింగ్ ఫ్యాక్టరీలో గ్రేడింగ్ చేసే మనిషి,
కండువా మూటలో ఏదో పట్టుకుని.

"అమ్మే రమీజా, ఫోను మార్చాల."
ఏ కంపెనీ కావాలన్నాను.
"కంపెనీ సంగతి తర్వాత. నలుపు చూపించు."

నేను ఎప్పట్లానే మొదలుపెట్టాను.
ఇది చవకలో మన్నికైంది,
ఇది కొరియా వాళ్ళది, పేరున్న సరుకు,
ఇదేమో పెద్ద కంపెనీ, సగం ధరకే వస్తుంది.
లోపలున్నది నేనే బిగించిన ఫస్ట్ కాపీ కాంబో అని
మెల్లగా చెబుదామనుకున్నా.

అతను మూట విప్పాడు.
అరచేతిలో పట్టేంత గెలాక్సీ రాయి,
ఒక ముఖం పాలిష్, మిగతాదంతా ఉలి విరిచిన గరుకు.
బొటనవేలు నాలుకకి తడిపి రుద్దాడు.
రాగిరంగు చుక్కలు లేచి నిలబడ్డాయి.
"లైటు ఆర్పు. షట్టరు సగం దించు."

మూడు ఫోన్లలోనూ నల్లటి బొమ్మ పెట్టాను.
తూకంరాయి పెట్టినట్టు
పక్కన రాయిని పెట్టాడు.

మొదటిది ఎల్‌సిడి.
దాని వెనక దీపం ఎప్పుడూ ఆరదు,
నలుపంటే తలుపు మూసుకోవడమే,
సందుల్లోంచి వెలుగు కారుతూనే ఉంటుంది.
"ఇది నలుపు కాదమ్మే, బొగ్గు కడిగిన నీళ్ళు."

రెండోది అమోలెడ్.
ఒక్కో చుక్కకీ దాని దీపం దానిదే,
నలుపు కావాలంటే ఆరిపోతుంది, అంతే.
రాయి ఎక్కడ అయిపోయిందో
ఫోను ఎక్కడ మొదలైందో
ఇద్దరం వేలితో తడిమి తెలుసుకున్నాం.

మూడోది చూసి ఏమీ అనలేదు.
కొంచెం పక్కకి వంచాడు. ఊదారంగు తేలింది.
స్లాబులో మైనం పెట్టి కప్పిన పగులు దొరికితే
ఎట్టా చూస్తారో అట్టా చూశాడు నా వంక.
"కాపీ" అన్నాను, అడక్కుండానే.

అప్పుడు చెప్పాడు సంగతి.
ఫొటో పంపితే జైపూరు సేటు
రంగు తేలిపోయింది, బూడిదగా ఉంది, వద్దన్నాడట.
పదకొండు స్లాబులు యార్డులో గోడకానుకుని ఉన్నాయి.
ఓనరు నోరు తెరిచి ఏమీ అనలేదు గానీ
మర్నాడు గ్రేడింగుకి ఒక కుర్రాణ్ణి పక్కన నిలబెట్టాడు.
"ఇరవై ఆరేళ్ళు ఈ కళ్ళతోనే నలుపు కొలిచా.
తప్పు కంటిదా, ఫోనుదా, తేల్చుకుందామని వచ్చా."

అతని పాత ఫోను తీసుకున్నా.
ఎల్‌సిడి, ఒక మూల పసుపెక్కింది.
ఆ ఫొటోనే రెండోదాంట్లోకి పంపి తెరిచాను.
స్లాబు నల్లగా నిలబడింది, చుక్క చుక్కా ఉంది.
సంతోషపడతాడనుకున్నా.

"అయితే ఫొటోలో తప్పు లేదు."
"లేదు."
"మరి సేటు ఏ ఫోన్లో చూశాడంటావ్?"

నాలుగేళ్ళుగా ఈ బల్ల వెనక కూర్చుని
రిఫ్రెష్ రేటు చెప్పా, నిట్స్ చెప్పా,
ఒట్టుపెట్టి ఒరిజినలని కూడా చెప్పా.
ఈ ప్రశ్నకి నా దగ్గర స్పేర్ పార్టు లేదు.
మనం ఎంత పోసి ఎంత మంచి అద్దం కొన్నా
మన సరుకు నెగ్గేదీ ఓడేదీ
అవతలివాడి అద్దంలోనే గదా.

ఫోను కొనలేదు ఏసోబు.
పాతదానికే టెంపర్ గ్లాసు వేయించుకుని
డెబ్భై రూపాయలు బేరమాడకుండా ఇచ్చాడు.
కొరియర్ ఆఫీసు ఎన్నింటిదాకా ఉంటుందని అడిగాడు.
యార్డులో ఇంకో ముక్క ఉందట, సేటుకి పంపుతాడట.
"చేత్తో పట్టుకుని చూడమంటా."

ఈ ముక్క బల్లమీదే ఉండిపోయింది.
మర్చిపోయాడో, వదిలిపెట్టాడో.

ఆ మూడో ఫోను షోకేసులోంచి తీసి
వెనక డొప్పమీద మార్కరుతో కాపీ అని రాశాను.
చూసినవాళ్ళు ఇంకా తగ్గించమన్నారు. తగ్గించాను.

ఇప్పుడు ఎవరొచ్చి ఏ కంపెనీ మంచిదని అడిగినా
బొటనవేలు తడిపి
ముందు రాయిని తుడుస్తాను.